ఓటుకు ముందు పేరు

ఈ విద్యాసంవత్సరం ప్రారంభంలో ప్రథమ సంవత్సరపు విద్యార్థినీ విద్యార్థులను మేము తరగతిలో ఒక చిన్న వ్యాసం వ్రాయవలసిందిగా కోరాము. విషయం 'మా ఇల్లు'. తెలుగు వాక్యం ఎవరికి ఎంతవరకు అలవడినదో తెలుసుకోవడమే మా ఉద్దేశం గాని, అందులో వేరే పరీక్ష ఏదీ లేదు. సాయంకాలం ఆ కాగితాలు దిద్దుతూ ఉండగా అక్షరదోషాల కంటె పెద్ద దోషం ఒకటి మా కంటబడింది. దాదాపు ప్రతి కాగితంలోను తండ్రిగారి పేరు ఉన్నది, ఆయన చేసే పని ఉన్నది, తాతగారి పేరు ఉన్నది. కొందరు వాకిట్లోని వేపచెట్టుకు కూడా ఒక వాక్యం కేటాయించారు. తల్లిని గురించి వ్రాయనివారు లేరు. ఆమె ఓర్పును, వంటను, మమకారాన్ని అందరూ కొనియాడారు. ఆమె పేరు మాత్రం ఇద్దరో ముగ్గురో తప్ప ఎవరూ వ్రాయలేదు.

మరునాడు తరగతిలో కారణం అడిగాము. ఒక విద్యార్థి లేచి, "అమ్మకు పేరెందుకు సార్, అమ్మ అంటే చాలదా?" అన్నాడు. తరగతి నవ్వింది, మేమూ నవ్వాము. కాని ఆ ప్రశ్న చాలా రోజులు మమ్మల్ని వదలలేదు. ఇంట్లో అమ్మ అంటే చాలును. గడప దాటిన తరువాత చాలునా? ఈ ప్రశ్నను మన దేశం ఒకప్పుడు నిజంగానే ఎదుర్కొన్నది. దానికి సమాధానం స్త్రీల ఓటుహక్కు చరిత్రలో ఉన్నది. ఆ చరిత్రను మన విద్యార్థులకు జ్ఞాపకం చేయడం, దాని నుండి మన కళాశాల నేర్చుకోవలసినదేమో మనవి చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఓటుహక్కు స్త్రీలకు ఏ దేశంలోను అడగకుండా రాలేదు. 1893 సెప్టెంబరు 19వ తేదీన న్యూజిలాండ్ దేశం స్త్రీలందరికీ పార్లమెంటు ఎన్నికలలో ఓటు ఇచ్చింది. ప్రపంచంలో స్వపరిపాలన గల దేశాలలో ఇదే మొదటిది. కేట్ షెపర్డ్ నాయకత్వాన ఆ దేశపు స్త్రీలు సమర్పించిన వినతిపత్రాలన్నిటిపై కలిపి దాదాపు 32,000 సంతకాలు ఉన్నాయి. ఊరూరా సేకరించిన కాగితాలను ఒకదానికొకటి అంటించి చుట్టగా చుట్టి, శాసనసభలో సభ్యుల ముందు విప్పి పరచారు. వినతిపత్రం అంటే ఏమిటి? అది ముందుగా ఒక పేర్ల జాబితా. ఫలానా స్త్రీని నేను ఉన్నానని చెప్పిన తరువాతనే, నాకు ఇది కావాలని చెప్పడం సాధ్యమైంది.

తక్కిన దేశాల సంగతి చూస్తే నాగరకతకూ ఓటుకూ మనం అనుకునేంత దగ్గర సంబంధం లేదని తెలుస్తుంది. బ్రిటన్ 1918లో ముప్పయి ఏళ్లు నిండి, ఆస్తి మొదలైన అర్హతలు గల స్త్రీలకు మాత్రమే ఓటు ఇచ్చింది. పురుషులతో సమానంగా ఇచ్చినది 1928లో. అమెరికాలో స్త్రీల ఓటు రాజ్యాంగంలోకి ఎక్కడానికి 1920 వరకు పట్టింది. స్వేచ్ఛా సమానత్వాల విప్లవానికి పుట్టినిల్లయిన ఫ్రాన్సు 1944 వరకు ఆగింది. స్విట్జర్లాండ్ 1971లో గాని ఇవ్వలేదు. ఆ దేశంలోని ఒక చిన్న రాష్ట్రంలో స్థానిక విషయాలపై ఓటు స్త్రీలకు దక్కడానికి 1990లో న్యాయస్థానం కలుగజేసుకోవలసి వచ్చింది. ముస్లిం దేశాల మాటకు వస్తే 1918లో వెలసిన అజర్‌బైజాన్ రిపబ్లిక్ అమెరికా కంటె ముందే స్త్రీల ఓటును అంగీకరించింది. టర్కీ 1934లో, ఈజిప్టు 1956లో, కువైట్ 2005లో ఆ పని చేశాయి. కనుక ఈ విషయంలో ఒక మతాన్ని గాని, ఒక ఖండాన్ని గాని ముందు వెనుకలుగా లెక్కకట్టడం తొందరపాటు. అన్ని చోట్లా అడ్డు నిలిచిన వాదన ఒక్కటే: స్త్రీ తరఫున ఇంటి యజమాని ఉన్నాడు గదా, ఆమెకు వేరే గొంతు ఎందుకని.

మన దేశంలో ఈ కోరిక మొదటిసారి ప్రభుత్వం ముందుకు వెళ్లినది 1917 డిసెంబరులో. భారత వ్యవహారాల మంత్రి మాంటేగు మద్రాసులో ఉన్నప్పుడు ఒక మహిళా ప్రతినిధివర్గం ఆయనను కలిసింది. దానికి నాయకత్వం వహించినది మన హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు. ఆ వర్గంలో బేగం హస్రత్ మొహానీ కూడా ఉన్నది. స్వాతంత్ర్య యోధుడు, కవి మౌలానా హస్రత్ మొహానీ పేరు మన ఉర్దూ విద్యార్థులందరికీ తెలుసు. ఆయన సతీమణి పేరు నిషాతున్నిసా అని ఎంతమందికి తెలుసునో మాకు సందేహం. స్త్రీకి ఓటు కావాలని అడగడానికి వెళ్లిన స్త్రీ కూడా చరిత్రలో భర్త పేరుతోనే నిలిచిపోయింది! ఇది ఆమె లోపం కాదు, ఆనాటి మర్యాద. మర్యాద ఎంత లోతైనదో చూపడానికే ఈ మాట చెప్పవలసి వచ్చింది.

ఓటు అర్హతలను పరిశీలించడానికి ఏర్పడిన సౌత్‌బరో కమిటీ, ఈ దేశపు సాంఘిక పరిస్థితులలో స్త్రీలకు ఓటు ఇవ్వడం తొందరపాటు అవుతుందని తేల్చింది. 1919 చట్టం ఆ బరువును రాష్ట్ర శాసనసభల మీదికి నెట్టింది. అప్పుడు ముందడుగు వేసినది మద్రాసు రాష్ట్రం. 1921లో అక్కడి శాసనమండలి స్త్రీలపై ఉన్న నిషేధాన్ని తొలగించింది. కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పుడు మద్రాసులోనే ఉన్నాయి గనుక, ఈ గౌరవంలో తెలుగువారికి కూడా భాగం కలదు. అయితే ఆస్తి ఉన్నవారికే ఓటు అన్న నియమం వల్ల ఆ హక్కు అందినది అతి కొద్దిమందికే. ఆస్తి ఎవరి పేర ఉంటుందో మనకు తెలియనిది కాదు.

1935 నాటి చట్టం ఈ చిక్కును ఒక విచిత్రమైన పద్ధతిలో విప్పబోయింది. ఆస్తి గల పురుషుని భార్యకు, ఆ భర్త చనిపోతే వితంతువుకు, ఆ సంబంధం కారణంగా ఓటు ఇచ్చింది. చదువువచ్చిన స్త్రీలకు వేరే అర్హత ఉన్నది. దీనివల్ల స్త్రీ ఓటర్ల సంఖ్య అనేక రెట్లు పెరిగిన మాట నిజం. కాని ఆనాటి మహిళా సంఘాలు దీనిని సంతోషంగా స్వీకరించలేదు. భార్య అయినందుకు ఇచ్చే ఓటు మాకు వద్దు, వయస్సు వచ్చిన మనిషి అయినందుకు ఇచ్చే ఓటు కావాలి అన్నది వారి వాదన సారాంశం. ఈ రెంటికీ మధ్య తేడా మన విద్యార్థులు గమనించాలి. మొదటిదానిలో స్త్రీ ఒకరి సంబంధం వల్ల ఓటరు. రెండవదానిలో తనంతట తానే ఓటరు.

వారు కోరినది స్వతంత్ర భారత రాజ్యాంగం ఇచ్చింది. రాజ్యాంగ సభలో పదిహేను మంది స్త్రీలు కూర్చున్నారు. రాజమహేంద్రవరంలో పుట్టిన దుర్గాబాయి వారిలో ఒకరు. ఏకైక ముస్లిం మహిళ బేగం ఎజాజ్ రసూల్. ఆమె సొంత పేరు ఖుద్సియా. ఆస్తి, చదువు, కులం, మతం, స్త్రీ పురుష భేదం ఏదీ చూడకుండా ఇరవై ఒక్క ఏళ్లు నిండిన ప్రతి పౌరునికీ ఓటు ఉండాలని 326వ అధికరణం శాసించింది. అమెరికా స్వతంత్రమైన 144 సంవత్సరాలకు స్త్రీలకు ఇచ్చినదానిని మనం మొట్టమొదటి సార్వత్రిక ఎన్నికలోనే ఇచ్చుకున్నాము. ఇది చిన్న గర్వకారణం కాదు.

సరిగ్గా ఇక్కడనే మన తరగతి గదిలోని ప్రశ్న దేశం ముందుకు వచ్చింది.

ఓటర్ల జాబితాలు తయారు చేయడానికి సిబ్బంది ఇల్లిల్లూ తిరిగారు. అనేక ఇళ్లలో స్త్రీల పేర్లు అడిగితే చెప్పలేదు. ఫలానా వారి భార్య అన్నారు, ఫలానా వారి కూతురు అన్నారు, ఫలానా అబ్బాయి తల్లి అన్నారు. సిబ్బంది అలాగే వ్రాసుకుని వచ్చారు. మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ దీనికి అంగీకరించలేదు. ఓటరు అనబడే మనిషికి సొంత పేరు ఉండి తీరాలన్నారు. పేర్లు చెప్పవలసిందిగా ప్రచారం జరిగింది, గడువు పొడిగించడం జరిగింది. చాలామంది చెప్పారు. అయినా దేశంలోని దాదాపు 8 కోట్ల మంది స్త్రీ ఓటర్లలో సుమారు 28 లక్షల మంది పేర్లు చివరి వరకు వెల్లడి కాలేదు. ఆ 28 లక్షల మందినీ జాబితా నుండి తొలగించారు. వీరిలో ఎక్కువమంది బీహారు, ఉత్తర ప్రదేశ్, రాజస్థాన్, మధ్యభారత్, వింధ్యప్రదేశ్ ప్రాంతాలవారు. ఇది ఒక్క మతానికి సంబంధించిన మాట కూడా కాదు. భర్త పేరు భార్య పలుకరాదని, భార్య పేరు నలుగురిలో రారాదని అన్ని ఇళ్లలోను నియమం ఉండేది. ఇంటికి దీపం ఇల్లాలు అంటాము. దీపానికి పేరు అక్కరలేదని అనుకున్నాము కాబోలు.

సేన్ గారి నిర్ణయం న్యాయమా, అన్యాయమా? మా మిత్రులతో ఈ విషయం చర్చకు వచ్చినప్పుడు ఒకరు, హక్కు ఇచ్చిన చేతితోనే తీసివేయడం క్రూరం అన్నారు. ఆ మాటలో నిజం ఉన్నది. తప్పు చేసినది ఇల్లు, శిక్ష అనుభవించినది స్త్రీ. ఆ 28 లక్షల మందిలో తన పేరు చెప్పాలని మనసులో ఉండి, తలుపు దగ్గర మామగారో భర్తో నిలబడి ఉన్నందున చెప్పలేకపోయినవారు ఎందరో ఎవరు లెక్కించగలరు? అయినా మా అభిప్రాయం ఆయన పక్షానే ఉన్నది. 'ఫలానా వారి భార్య' అని వ్రాసి ఓటు వేయించినట్లయితే, 1935లో మహిళా సంఘాలు కాదన్న పద్ధతినే దొడ్డిదారిన మళ్లీ ఇంట్లోకి రానిచ్చినట్లు అయ్యేది. ఆ ఎన్నికలో 28 లక్షల ఓట్లు పోయాయి. కాని రాజ్యం ముందు ప్రతి స్త్రీకి ఆమెదైన పేరు ఒకటి ఉండాలన్న నియమం నిలబడింది. ఇటువంటి నియమం ఒకసారి సడలితే మళ్లీ బిగించడం కష్టం.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పకుండా ఇతరులను తప్పుపట్టడం మాకు తగదు. కొన్ని సంవత్సరాల క్రితం మా దాదీ మరణించింది. అప్పటికే మా నాన్నగారు లేరు. మరణ ధ్రువపత్రం కోసం దరఖాస్తు నింపబోయి, మొదటి గడి దగ్గరనే మా కలం ఆగిపోయింది. ఎమ్.ఏ. చదివి, నాలుగు వందల ఏళ్ల నాటి కవుల ఇంటిపేర్లు, ఊళ్లు, వారి ఆశ్రయదాతల పేర్లు అప్పగించగలిగిన మాకు మా దాదీ పేరు తెలియదు! ఇంట్లో పిల్లలకు దాదీ, కోడళ్లకు అత్తమ్మ, వీధివారికి పెద్దబడి మేస్త్రీగారి ఇంటావిడ. బంధువులలో ఒకరు ఖాదర్ బీ అన్నారు, ఇంకొకరు ఖాజా బీ అన్నారు. చివరకు ఆమె రేకుపెట్టెలో, మడతపెట్టిన చీరల క్రింద, గుడ్డలో చుట్టిన ఓటరు కార్డు దొరికింది. అందులో ఖదీజా అని ఉన్నది. ఎనభై ఏళ్లు బ్రతికిన మనిషి పేరు ఆ ఇంటిలో అచ్చయి ఉన్నది ఆ ఒక్క కాగితం మీదనే. ఆమె దానిని ఎందుకంత భద్రంగా దాచుకున్నదో ఆనాడు మాకు అర్థమైంది. అడిగి ఉండవలసినది, ఆమె బ్రతికి ఉండగా.

ఖదీజా! ఇస్లాంను మొట్టమొదట విశ్వసించిన మహనీయురాలి పేరు. సొంత వర్తకం నడిపిన ఆ తల్లిని చరిత్ర ఆమె పేరుతోనే, ఆమె తండ్రి ఖువైలిద్ కుమార్తెగానే ఎరుగును. హజ్రత్ ఆయిషా చెప్పిన హదీసులు ఆమె పేరుమీదనే మనకు చేరాయి. మదీనాలో స్త్రీల నుండి ప్రవక్త వేరుగా ప్రమాణం స్వీకరించిన సంగతిని ఖురాన్ ప్రస్తావిస్తున్నది. వారి తరఫున వారి భర్తల ప్రమాణం చాలునని ఎవరూ అనలేదు. కనుక స్త్రీ పేరు నలుగురిలో పలకడం ధర్మానికి విరుద్ధమని చెప్పేవారు, తమ ఇంటి ఆచారాన్ని ధర్మం మీద మోపుతున్నారని మా వినమ్ర అభిప్రాయం. పరదా వేరు, అనామకత్వం వేరు. హైదరాబాదు వనిత మాసుమా బేగం 1952లో హైదరాబాదు శాసనసభకు ఎన్నికై, 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో స్థానం పొందినది. ఆమెకు ఓటు వేసినవారిలో పరదాలో వచ్చి, తమ పేరు చెప్పి, కాగితం తీసుకున్న తల్లులు ఎందరో ఉండి ఉంటారు.

స్త్రీ తన భర్త చెప్పినవారికే ఓటు వేస్తుంది గదా, ఇక పేరుంటే ఏమి లాభం అనేవారు ఇప్పటికీ ఉన్నారు. పురుషులు కులపెద్దలు చెప్పినట్లు, యజమాని చెప్పినట్లు వేయడం లేదా? ఆ కారణంగా పురుషుల ఓటును ఎవరూ ప్రశ్నించలేదు. పైగా ఓటు రహస్యం. ఆ అట్టతెర వెనుక గడిచే అరనిమిషం ఆమెకు పూర్తిగా సొంతమైనది. అటువంటి అరనిమిషం ఆమె జీవితంలో మరెక్కడ దొరుకుతుందో మనం ఆలోచించుకోవాలి. 2024 లోక్‌సభ ఎన్నికలలో స్త్రీలు 65.78 శాతం, పురుషులు 65.55 శాతం ఓటు వేశారు. ఇష్టం లేని పనికి ఎండలో అంతమంది నిలబడరు. అదే ఎన్నికలో గెలిచిన 543 మందిలో స్త్రీలు 74 మంది మాత్రమే. శాసనసభలలోను, లోక్‌సభలోను మూడవ వంతు స్థానాలు స్త్రీలకు కేటాయించే 106వ రాజ్యాంగ సవరణ 2023లో ఆమోదం పొందినది. ఓటరు జాబితాలో చేరిన పేరు అభ్యర్థుల జాబితాలో చేరడానికి డెబ్బయి ఏళ్లు దాటినా ఇంకా దారి మిగిలే ఉన్నది.

ఇక మన కళాశాల సంగతి. విద్యార్థినులకు ముందుగా మా మాట. ఓటు వయస్సు 1989 నుండి పద్దెనిమిది ఏళ్లు. పదిహేడు నిండినవారు ముందుగానే ఆరవ నమూనా దరఖాస్తు ఇవ్వవచ్చును. అర్హత తేదీలు ఇప్పుడు సంవత్సరానికి నాలుగు: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలు. పెళ్లయి ఊరు మారినప్పుడు ఎనిమిదవ నమూనా ఇచ్చి పేరును వెంట తీసుకువెళ్లండి. చీరసారెలు సర్దుకున్నప్పుడు ఈ కాగితం కూడా సర్దుకోండి. జాబితాలు సవరించిన ప్రతిసారీ ఇల్లు మారిన మనిషి పేరు జారిపోయే ప్రమాదం ఉన్నది, మన సమాజంలో పెళ్లితో ఇల్లు మారేది స్త్రీయే. మన పేర్లు ఉర్దూ నుండి తెలుగులోకి, తెలుగు నుండి ఇంగ్లీషులోకి ఎక్కేటప్పుడు ఒక్కొక్క కాగితంలో ఒక్కొక్క రూపం దాలుస్తున్నాయి. బడి పత్రంలో ఉన్న రూపమే అంతటా ఉండేటట్లు ఇప్పుడే చూసుకోవడం మంచిది.

విద్యార్థులకు ఒక్క మాట. మీ చెల్లెలి పెళ్లిపత్రిక అచ్చు వేయించే భారం రేపు మీపైన పడుతుంది. వరుని పేరు పెద్ద అక్షరాలలో వేసి, వధువును 'ఫలానా వారి ద్వితీయ పుత్రిక' అని మాత్రమే వేసే పత్రికలు ఇప్పటికీ మాకు అందుతూనే ఉన్నాయి. నిఖా సమయంలో ఖాజీ ఆమె సమ్మతి అడగకుండా పెళ్లి కాదు. సమ్మతి తెలుపవలసిన మనిషి పేరు పత్రికలో ఎందుకు లేదో పెద్దలను వినయంగానే అడగండి.

చివరగా మాన్యులైన కమిటీవారికి మా మనవి. ఈ వార్షిక సంచిక పాత ప్రతులు తిరగవేసినప్పుడు, విద్యార్థుల ఫోటోల క్రింద వరుసవారీగా పేర్లు, విద్యార్థినుల ఫోటో క్రింద 'కళాశాల విద్యార్థినులు' అన్న రెండే మాటలు చూశాము. ఇది ఎవరి దురుద్దేశమూ కాదు. గౌరవం అనుకునే అలా చేసి ఉంటారు. ఈ సంవత్సరం నుండి వారి పేర్లు కూడా వేయించవలసిందిగా, ప్రవేశ పట్టికలో తండ్రి పేరు ప్రక్కన తల్లి పేరు తప్పక వ్రాయించవలసిందిగా ప్రార్థిస్తున్నాము. కమిటీ సభ్యుల జాబితాలో ఇంతవరకు ఒక్క స్త్రీ పేరు లేదు. మన విద్యార్థులలో సగానికి తక్కువ కాకుండా ఆడపిల్లలున్న ఈ సంస్థకు సంబంధించిన నిర్ణయాలలో ఒక తల్లి ఓటు కూడా ఉంటే సంస్థకు మేలే గాని కీడు జరుగదు. ఈ మాట వ్రాయడానికి కొంత జంకాము. కాని దాదీ కార్డు మా బల్లమీదనే ఉన్నది.

"అమ్మకు పేరెందుకు" అని అడిగిన విద్యార్థి రెండు వారాల తరువాత తన వ్యాసాన్ని తిరిగి వ్రాసి తెచ్చాడు. తల్లి పేరు ఉన్నది. దానితోపాటు ఇంకొక సంగతి చెప్పాడు. పేరు సరిగా వ్రాయాలని ఇంట్లో కాగితాలు వెదికితే రేషను కార్డులో ఒక విధంగా, ఓటరు జాబితాలో మరొక విధంగా ఉన్నదట. ఏది సరియైనదని తల్లిని అడిగాడట. "రెండూ కాదు" అని చెప్పి, ఆమె తన పేరు తానే ఒక కాగితం మీద ఉర్దూలో వ్రాసి ఇచ్చిందట. సవరణ దరఖాస్తు నింపడానికి ఆ కాగితం పట్టుకుని అతడు మా దగ్గరకు వచ్చాడు. ఇద్దరం కూర్చుని నింపాము.